పెదకాకానిలో తడిచీరలు

గుంటూరు, బెజవాడల నడుమనున్న పెదకాకానిలో మల్లేశ్వరస్వామి గుడికి ఆది, సోమవారాల్లో జనం విరగబడతారు. యజ్ఞాలబావి నీళ్ళతో స్నానం, తడిబట్టలతో ప్రదక్షిణం. పెక్కుమంది కోరేది సంతానమే.

మొక్కు సరే, తడిచీర ఆరేసుకోవడానికి దండెమేదీ? ఇద్దరు ఆడవాళ్ళు చెరొక చెంగూ పట్టుకుని ఎండలో నిలబడతారు. వాళ్ళు అత్తాకోడళ్ళయితే ఆ కాసేపూ ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పదు. ఇంట్లో ఎన్నాళ్ళనుంచి తప్పించుకు తిరుగుతున్నారో పాపం!

ఊళ్ళోవాళ్ళకు దండేలున్నా చిక్కు వేరు. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో చంటిపిల్లల గుడ్డలు ఆరుబయట వెయ్యకూడదట. “ఆ దుమ్ము అంటితే బిడ్డ ఒళ్ళంతా మంటే బాబూ!” అన్నదొక పెద్దావిడ. అందుకని వసారాలో తాడు కట్టి ఆరేసింది. గుడినుంచి బస్సుకు పోయే కోడళ్ళ నడక అక్కడికి రాగానే మందగిస్తుంది.