కె.ఆర్.పురంలో ఒక పగలు

కృష్ణరాజపురం అన్న పూర్తి పేరు ఇప్పుడు రైలు స్టేషను పలకమీద తప్ప ఎక్కువగా కనిపించదు. అందరికీ అది కె.ఆర్.పురమే. జోలార్‌పేట నుంచి బెంగుళూరు దండుకు 1864లో వేసిన రైలుదారి ఈ వూరిమీదుగానే పోతుంది. పాత మద్రాసు రోడ్డు ఇక్కడే ఆ పట్టాలను దాటుతుంది. వెనుక గేటు వుండే రోజుల్లో, అది పడిందంటే చాలు, లారీలూ బస్సులూ ఎద్దుబండ్లూ బారులు తీరేవి. 2003లో తీగల వంతెన వచ్చి గేటు బాధ తీరింది. ఇప్పుడు ఆ నిలబడేదేదో వంతెనమీదనే నిలబడుతున్నాము. 2023లో మెట్రోరైలు కూడా ఇక్కడికి వచ్చింది. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపునుంచి వచ్చిన మన తెలుగువాళ్ళకు మాత్రం ఈ వూరు ఎప్పుడూ బెంగుళూరుకు వాకిలి వంటిదే.

అటువంటి వాకిట్లో మేము ఒక పగలంతా కూర్చోవలసి వచ్చింది. కారణం మా అంబాసిడరు కారు.

అది 1986లో మా నాయన కొన్నది. అప్పుడాయన దూరవాణినగరులో, 1948లో మొదలైన టెలిఫోన్ల కర్మాగారంలో పనిచేస్తూ వుండేవారు. హలసూరులో మా ఇల్లు. అంతకుముందు యెన్నో యేళ్ళు అంత దూరమూ సైకిలు తొక్కిన మనిషి. అందుకని కారంటే ఆయనకు వొట్టి కారు కాదు. ఇప్పుడు ఎనభై దాటినవి, బండి నడపడం మానుకున్నారు. చెవులు కూడా మందగించాయి. బ్రతుకంతా టెలిఫోన్ల మధ్య గడిపిన మనిషికి చివరకు టెలిఫోనులో మాట వినిపించకపోవడం మాకు కష్టంగానే వుంటుంది గాని, ఆయన ఆ సంగతి యెత్తరు.

గత వర్షాకాలంనుంచి బండికి రెండు జబ్బులు పట్టుకున్నాయి. ఒకటి మిస్సింగు. తెల్లవారి స్టార్టు చేస్తే, నాలుగు కాళ్ళ ఆవు మూడు కాళ్ళతో కుంటినట్టు కుంటేది. ఎండెక్కితే తనకు తానే సరిపోయేది. రెండవది పైనుంచి ఒకటే టకటక. పేరు చెప్పడమెందుకు గాని, ఒక పెద్ద షెడ్డుకు తీసుకుపోతే, ఆ కుర్రవాడు బానెట్టు యెత్తి రెండు నిమిషాలు విని, "వాల్వులు పోయాయి సార్, ఇంజను దించాలి" అన్నాడు. అతడు చెప్పిన ఖర్చుకు ఇంకొక పాత కారు వస్తుంది. పైగా రిజిస్ట్రేషను గడువు దగ్గరపడుతూ వుంది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకొకసారి దాన్ని మళ్ళీ చేయించుకోవాలి గదా. ఇనుప సామాన్లవాడొకడు వచ్చి బండిచుట్టూ తిరిగి బేరం కూడా చెప్పిపోయినాడు. ఆ మాట నాయనకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకు తెలిసిందనే మా అనుమానం. ఎందుకంటే మరునాడే, "కార్తీకమాసం వస్తా వుంది. మొగిలీశ్వరుణ్ణి చూసి, చిత్తూరులో మీ అత్తను పలకరించి రావాల. ఈ బండిలోనే పోదాం" అన్నారు.

సోమవారం తెల్లవారుజామున బయలుదేరాము. సన్నని జల్లు. టిన్ ఫ్యాక్టరీ కూడలి దాటి వంతెన యెక్కేసరికి బండి కుంటడం మొదలుపెట్టింది. వంతెన నడిమికి వచ్చేసరికి వగర్చింది. వెనుక బస్సులవాళ్ళు హారన్లతో ఆశీర్వదిస్తూ వుంటే, ఎట్లాగో శిఖరం దాటి, ఆవలి వాలులో న్యూట్రలులో దొర్లుకుంటూ దిగాము. బండి ఆగింది సరిగ్గా దూరవాణినగరు దగ్గర. నాయన అద్దంలోనుంచి ఆ ప్రహరీ గోడ చూసి, "బస్సు యెక్కించుకోకపోయినా ఇక్కడికే వచ్చేవాణ్ణి" అని నవ్వినారు. ఆయనకు నవ్వు వచ్చింది గాని మాకు రాలేదు.

ఆటోవాళ్ళను అడిగితే, సంత దాటినాక ఒక ముసలి మేస్త్రీ వున్నాడని చెప్పారు. నలుగురు పట్టి తోస్తే అక్కడికి చేరాము. రేకుల షెడ్డు, దాని ముందర వేపచెట్టు. మేస్త్రీ ముళబాగిలు తట్టువాడు, మాటవరసలోనే మనవాడని తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళుగా ఉండాది సార్ ఈ శబ్దం?" అని అడిగినాడు. చెప్పాము. "వాన పడితే ఎక్కువా, ఎండలో ఎక్కువా?" అన్నాడు. ఈ ప్రశ్న పెద్ద షెడ్డులో యెవరూ అడగలేదు. అదీ చెప్పాము. "అట్లయితే ఇవి రెండు రోగాలు సార్. ఒకటే అనుకోని మందేస్తే బండి సస్తాది" అన్నాడు.

ఆ మాటతో మాకు కొంచెం ఊపిరి వచ్చింది.

ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, పిడికి రబ్బరు తొడిగిన కటింగుప్లేయరుతో ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి చూసినాడు. పనిచేస్తున్న సిలిండరు వైరు పీకితే ఇంజను ఇంకా కుంటుతుంది. పనిచేయని దాని వైరు పీకితే తేడా యేమీ వుండదు. మూడవది పీకినప్పుడు తేడా లేదు. సరే, ప్లగ్గు మార్చి చూస్తానని స్పానరు తెచ్చేలోగా ఎండ వచ్చింది, బానెట్టు కింద వేడికి తడి ఆరింది, నాలుగు సిలిండర్లూ బుద్ధిమంతుల్లా ఆడసాగాయి! డాక్టరు ముందర జ్వరం తగ్గిన పిల్లవాడి పద్ధతి. "దొంగ పగలు దొరకడు సార్. చీకటి పడనీండి" అన్నాడు మేస్త్రీ.

అంతలో టకటక సంగతి చూద్దామని, పొడుగాటి కట్టెపిడి స్క్రూడ్రైవరు తెచ్చి, దాని మొన ఇంజను పైమూతకు ఆనించి పిడిని చెవివెనుక ఎముకకు పెట్టుకున్నాడు. మాకూ ఇచ్చినాడు. నిజంగానే లోపలి సంగతులన్నీ గదిలో జరిగినట్టు వినిపిస్తాయి. కనెక్టింగు రాడ్డు బేరింగు పోతే వచ్చేది బరువైన దెబ్బ. ఇరుసు తిరిగిన ప్రతిసారీ వస్తుంది. ఇది తేలికైన చప్పుడు, దానిలో సగం వేగంతో వస్తున్నది. కామ్‌షాఫ్టు ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒక చుట్టు తిరుగుతుంది గనుక, ఇది వాల్వుల తట్టు చప్పుడేనన్నాడు. మాకు ఎనిమిది వాల్వులూ ఒకే తాళంగా వినిపించాయి.

నాయన చేయి చాచినారు. మేస్త్రీ మావైపు చూసినాడు. పెద్దాయనకు వినపడదని మేము సైగచేశాము. అయినా అతడు స్క్రూడ్రైవరు ఆయన చేతికిచ్చి, పిడిని చెవివెనుక తానే సరిగ్గా ఆనించినాడు. నాయన కళ్ళు మూసుకున్నారు. మొన కొంచెం కొంచెంగా జరుపుతూ పోయి ఒకచోట ఆపి, "ఇది. వెనకనుంచి రెండోది. ఇది వదులు" అన్నారు.

ఎన్ని నెలలకో ఆయన ఒక చప్పుడును గురించి మాకు చెప్పడం. మా ఇల్లాలు పైటకొంగు కళ్ళకు ఒత్తుకుని, టీ తెస్తానని అటు వెళ్ళిపోయింది.

ఇంజను ఆపి మూత విప్పి ఫీలరు గేజి పెట్టి చూస్తే, వెనుకనుంచి రెండవదాని సందు తక్కినవాటికంటె బాగా ఎక్కువ. అక్కడ వుండవలసినది అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 15. ఒక నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, మళ్ళీ బిగించే పని. గంట కూడా పట్టలేదు. ఇంకా కొంచెం చప్పుడు వస్తున్నదే అంటే, "రావాల సార్. అసలు చప్పుడే లేకుండా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలిపోతాది" అన్నాడు. పెద్ద షెడ్డువాడు దించమన్న ఇంజను ఇదే!

ఇక సాయంత్రందాకా చేయగలిగింది లేదు. నాయన సంతలోకి పోదామన్నారు. పూలు, ఆకుకూరలు, తమలపాకులు, నడుమ నడుమ దూరే ఆటోలు. బేరాలలో కన్నడమూ తెలుగూ తమిళమూ ఒకే నోట వినిపించాయి. నాయన తనకు తెలిసిన అంగళ్ళకోసం వెతికినారు. ఒక్కటీ కనిపించలేదు. అక్కడినుంచి ఆటోలో కర్మాగారం గేటుదాకా వెళ్ళి, చెట్టుకింద కొంచెంసేపు నిలబడ్డారు. లోపలికి పోదామని మేమూ అనలేదు, ఆయనా అనలేదు. దూరవాణి అంటే టెలిఫోను గదా, ఒక పేటకు ఇంతకంటె చక్కని పేరు పెట్టలేరని ఆయన యెప్పుడూ అంటారు. ఆరోజు కూడా అన్నారు.

చీకటి పడింది. మేస్త్రీ షెడ్డులో దీపాలన్నీ ఆర్పించి, ఇంజను స్టార్టు చేసి, ఇస్త్రీ చేసేవాళ్ళు బట్టలమీద చల్లినట్టు వైర్లమీద నీళ్ళు చిలకరించినాడు. వెంటనే బండి కుంటింది. అప్పుడు చూశాము: మూడవ ప్లగ్గు వైరు ఒక ఇనుప పట్టీని రాసుకుంటూ పోయేచోట, సన్నని నీలిరంగు నిప్పురవ్వ చిటుకు చిటుకుమని దూకుతూ వుంది! కాయిలు బ్యాటరీ 12 వోల్టులను వేల వోల్టులు చేసి పంపుతుంది. అంత ఒత్తిడికి, పగిలిన తోలులోనుంచి తడి తోవ దొరికితే చాలు, ప్లగ్గుదాకా పోయే ఓపిక దానికెందుకు? పగటి వెలుతురులో ఆ రవ్వ కనిపించదు. మిస్సింగు గుట్టంతా అదే.

నాలుగు వైర్లూ, డిస్ట్రిబ్యూటరు మూతా కొత్తవి వేసినాడు. పాయింట్లు ఉప్పుకాగితంతో రుద్ది సందు సరిచేసినాడు. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు గనుక పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయని చెప్పి అదీ మార్చినాడు. బండి కదిలేటప్పుడు కిందనుంచి వచ్చే 'టంగు' మాత్రం ప్రొపెల్లరు షాఫ్టు జాయింటు క్రాసుదనీ, చిత్తూరు పోయివచ్చేదాకా ఆగుతుందనీ అన్నాడు. అంతా కలిపి పెద్ద షెడ్డువాడు చెప్పినదానిలో పదవవంతు కూడా కాలేదు. కూలి యెంతో చెప్పమంటే, నాయనవైపు చూపించి, "సగం పని ఆయప్పే చేసినాడు కదా" అని తగ్గించుకున్నాడు.

ఆ రాత్రి ఇంటికి మళ్ళకుండా హొసకోటమీదుగా సాగిపోయాము. కోలారు, ముళబాగిలు, నంగలి దాటినాక జల్లు మళ్ళీ పట్టుకుంది. బండి కుంటలేదు. తెల్లవారి మొగిలిలో దర్శనం చేసుకుని చిత్తూరు వైపు పోతూ వుండగా, నాయన డాష్‌బోర్డుమీద అరచేయి ఆనించి, "టాపెట్లు యెట్లా వుండాయిరా?" అని అడిగినారు. కొంచెం మోగుతున్నాయని గట్టిగా చెప్పాము. తల ఆడించి, చేయి అక్కడే వుంచి, చిత్తూరు వచ్చేదాకా తీయలేదు.

ఇంటికి వచ్చినాక రిజిస్ట్రేషను కాగితాలు పెట్టాము. ఇనుప సామాన్లవాడు మళ్ళీ ఒకసారి వచ్చి పోయినాడు. జాయింటు క్రాసు పని ఇంకా వుంది, ఈసారి కె.ఆర్.పురం పోయేటప్పుడు తననూ తీసుకుపోవాలని నాయన ముందే చెప్పిపెట్టినారు.