మెనూ కింద దాక్కున్న కంభం చెరువు

మా మార్కాపురం, గిద్దలూరు వైపు చూడదగ్గ చోట్లన్నీ ఒకే పేజీలో పెడుతున్నా. పైన కదలని మెనూ. అందులో ‘కంభం చెరువు’ నొక్కితే పేజీ అక్కడికే వెళ్తుంది గానీ శీర్షిక కనబడదు. కనబడేది గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కట్ట గురించిన రెండో లైను!

బ్రౌజర్ తప్పేం లేదు. అడిగిన భాగం పై అంచును తెర పై అంచుకు ఆనిస్తుంది, అంతే. ఫిక్స్‌డ్ బార్ దాని లెక్కలోకి రాదు. ఒకప్పుడు ఖాళీ ట్యాగులు, మైనస్ మార్జిన్లు పెట్టి తంటాలు పడేవాళ్లు. ఇప్పుడు సీఎస్‌ఎస్‌లో హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌కు ‘స్క్రోల్-ప్యాడింగ్-టాప్’ అని ఒక్క లైను రాసి, బార్ ఎత్తు కంటే కాస్త ఎక్కువ ఇస్తే చాలు. ఏదో ఒక్క శీర్షికకే కావాలంటే దానికి ‘స్క్రోల్-మార్జిన్-టాప్’.

చిక్కల్లా ఫోన్‌లోనే. మెనూలోని ‘లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి’ ఒక వరుసలో పట్టదు. రెండో వరుసకు దిగి బార్‌ని పెంచేస్తుంది. 60 పిక్సెల్స్ అని రాసి వదిలేస్తే శీర్షిక మళ్లీ మాయం. ఎత్తును ఒక వేరియబుల్‌లో పెట్టి, చిన్న తెరలకు మీడియా క్వెరీలో మార్చుకోవడం నయం.

‘గుడి’ అని కుదించెయ్ అంటాడు మా ఫ్రెండు. ఏ గుడి అని అడిగితే వాడొచ్చి చెప్తాడా?