డోలు మోగితే... స్నానాల వేళ!

ఉదయం ఆరు గంటలు. మూడంతస్తుల చెక్కమేడ పైగదిలోంచి డోలు మోగుతుంది. భుజాన తువ్వాలుతో ఊళ్లోని పెద్దవాళ్లూ, వాళ్ల వెనకే పర్యాటకులూ లోపలికి నడుస్తారు. జపాన్‌లోని మత్సుయమలో ఉన్న ఆ స్నానశాల పేరు దోగో ఆన్‌సెన్. ఆన్‌సెన్ అంటే వేడినీటి బుగ్గ.

కాలికి గాయమైన కొంగ ఒకటి రోజూ ఈ నీళ్లలో నిలబడి కోలుకుందట. అది చూశాకే మనుషులూ దిగారట! అందుకే మేడ కొసన తెల్లకొంగ బొమ్మ ఉంటుంది.

దిగడానికో పద్ధతుంది. ముందు చిన్నపీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా కడుక్కోవాలి. ఆ తరవాతే తొట్టిలోకి. ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు, తువ్వాలు నీళ్లకు తగలకూడదు. ఆడా మగా తొట్లు వేర్వేరు. దాదాపు 42 డిగ్రీల వేడికి బిగిసిన కండరాలు సడలి, ఒళ్లు తేలికవుతుంది. అలాగని ఎక్కువసేపు ఉంటే కళ్లు తిరుగుతాయి. మద్యం తాగి దిగడం మరీ ప్రమాదం.

1894లో ఈ మేడ కట్టినప్పుడు ఇంత ఖర్చెందుకని ఊరు ఎదురుతిరిగింది. నూరేళ్ల తరవాత కూడా మరొకరు కట్టలేనిదైతేనే ఊరికి బతుకుతెరువని పట్టుబట్టాడు అప్పటి మేయర్ ఇసనివ యుకియా. సరిగ్గా నూరేళ్లకు, 1994లో, జపాన్ దాన్ని ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించింది. 2019లో పెద్ద మరమ్మతులు మొదలయ్యాయి. ఓ పక్క వడ్రంగుల పని, మరో పక్క స్నానాలు! 2024 జులైలో మేడంతా మళ్లీ తెరుచుకుంది.

ఆనాడు వద్దన్నవాళ్ల మునిమనవలూ ఇప్పుడు ఆ డోలు కోసమే ఎదురుచూస్తుంటారేమో!