హంతకుడు దొరికాడు... ఆట కట్టినాయన ఏడీ?

హంతకుణ్ని కనిపెట్టే ఆటను ప్రపంచానికి ఇచ్చిన మనిషే కనిపించకుండా పోతే? 1996లో బ్రిటన్‌లో సరిగ్గా అదే జరిగింది. 'క్లూడో' సెట్లు 15 కోట్లు అమ్ముడైన సంబరంలో, దాన్ని రూపొందించిన ఆంథొనీ ప్రాట్‌ని పిలుద్దామనుకుంది తయారీ సంస్థ. తీరాచూస్తే ఆయన ఎక్కడున్నాడో వాళ్లకే తెలీదు! ఆచూకీ చెప్పండంటూ ఓ ఫోన్ నంబరు ప్రకటించారు.

ప్రాట్ జాడలు చూడాలంటే ముందు ఇంగ్లండ్ దక్షిణ తీరానికి వెళ్లాలి. బ్రైటన్ పక్కనే సముద్రపు ఒడ్డున రాటింగ్‌డీన్ అనే ఊరుంది. అక్కడి టూడర్ క్లోజ్ భవనం చెక్క దూలాలతో, ఏటవాలు కప్పులతో వందల ఏళ్లనాటిదేమో అనిపిస్తుంది. నిజానికి కట్టింది 1920ల్లోనే. ఒకప్పుడు హోటలు. ఇప్పుడు అందులో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి కాబట్టి బయటి నుంచి చూసి రావాల్సిందే. క్లూడో బంగళాకి మూలం ఇదేనని చెబుతారు. ప్రాట్ పియానో వాయించేవాడు. యుద్ధానికి ముందు హోటళ్లలో కచేరీలు చేసేవాడు. రాత్రిపూట అతిథులు అక్కడ సరదాగా 'హత్య' ఆట ఆడుకునేవారు. ఒకరు చచ్చిపడిపోయినట్టు నటిస్తే మిగతావాళ్లు కూపీ లాగడమన్నమాట.

రెండో ప్రపంచయుద్ధం ఆ సరదాలన్నిటినీ మింగేసింది. ప్రాట్ అప్పుడు బర్మింగ్‌హామ్‌లో, ట్యాంకుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బాంబుల భయంతో రాత్రయితే ఊరంతా చీకటి. విందుల్లేవు, వినోదాల్లేవు. ఆ విసుగులోంచే పుట్టింది ఈ ఆలోచన. పాత్రలూ ఆయుధాలూ ఆయన ఊహించాడు. బంగళాని అట్టమీద గీసింది భార్య ఎల్వా. 1944లో పేటెంటుకి దరఖాస్తు చేశారు. లీడ్స్‌లోని వాడింగ్టన్స్ సంస్థకి ఆట నచ్చింది కానీ, యుద్ధం తర్వాతి కొరత వల్ల 1949 దాకా సెట్లు బయటికి రాలేదు.

మన దొంగ-పోలీసు చీటీల ఆటలో ఎదుటివాళ్ల మొహం చూసి ఊహిస్తే చాలు. ఇక్కడ అలా కుదరదు. ఆరుగురు అనుమానితులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు... మొత్తం 21 కార్డులు. ఎవరు, దేనితో, ఎక్కడ అనే మూడు కార్డులు కవర్లోకి పోతాయి. మిగతావి అందరికీ పంచుతారు. 'ఫలానావాడు, తాడుతో, వంటగదిలో' అని అడిగితే, ఆ మూడింట్లో ఏదైనా ఉన్నవాళ్లు అడిగినవారికి మాత్రమే చూపించాలి. ఎవరు ఎవరికి చూపించారో గమనిస్తూ 324 అవకాశాల్లోంచి ఒక్కదాన్ని పట్టుకోవాలి. పిల్లలు పెద్దల్ని ఓడించేది ఇక్కడే. వాళ్లు కాగితం మీద టిక్కులు పెట్టుకుంటారు, పెద్దలు జ్ఞాపకాన్ని నమ్ముకుంటారు!

మరి డబ్బో? 1953లో విదేశీ హక్కుల్ని 5,000 పౌండ్లకు రాసిచ్చేశారా దంపతులు. అప్పట్లో అది ఇల్లు కొనగలిగేంత మొత్తమే. కానీ 'క్లూ' పేరుతో అమెరికాలో ఇంటింటికీ చేరిన ఆట మీద మళ్లీ పైసా రాలేదు. పేటెంటు గడువు తీరాక స్వదేశంలోనూ రాబడి ఆగిపోయింది.

1996లో ఫోన్ నంబరు ప్రకటించాక జవాబు వచ్చింది బ్రామ్స్‌గ్రోవ్ శ్మశానవాటిక నుంచి. బర్మింగ్‌హామ్‌కి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని చిన్న పట్టణమది. ప్రాట్ 1994లోనే, 90 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అక్కడి సమాధి రాతి మీద ప్రియమైన తండ్రి అన్న మాట పక్కన, 'క్లూడో' సృష్టికర్త అని కూడా చెక్కి ఉంది.