జీపు గొంతు సవరించుకుంది

మనిషికి గొంతు బొంగురుపోతే మిరియాల కషాయం కాచి ఇస్తాం. శుభ్రంగా ఉన్న బండి గొంతుని బొంగురు చేయించడానికి పద్నాలుగు వేలు పోసేవాళ్ళు కూడా ఉంటారని, మావాడు ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలియదు.

మావాడికి ఇరవై మూడేళ్ళు. మొదటి ఏడాది జీతమంతా కూడబెట్టి ఓ పాత జిప్సీ కొన్నాడు. కార్బురేటరు కాలంనాటి 1300 సి.సి. బండి. 1985 చివర్లో మారుతి వాళ్ళు జిప్సీని మొదటిసారి తెచ్చినప్పుడు నేను పలక మీద అఆలు దిద్దుతున్నాను. ఇప్పుడసలు వాటి తయారీయే లేదు.

"మానేసిన వాటి మీద నీకు మోజేమిట్రా?" అన్నాను.

"నాలుగు చక్రాలూ లాగుతాయమ్మా! రాళ్ళెక్కినా, బురదలో దిగినా ఆగదు."

మేముండేది కొత్తపేటలో. ఇక్కణ్ణించి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళడానికి ఎక్కాల్సిన రాళ్ళేమిటో, దిగాల్సిన బురదేమిటో నాకు బోధపడలేదు. జూలైలో నాలుగు వానలు పడ్డాక బోధపడింది.

సరే, కొన్నాడు కదా అని ఊరుకుంటే, నెల తిరక్కుండా దానికి సైలెన్సరు మార్పిస్తానన్నాడు.

"చప్పుడెక్కువగా ఉందా?"

"తక్కువగా ఉందమ్మా."

పేపరు చదువుకుంటున్న మావారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "సైలెన్సరంటే చప్పుడు తగ్గించేదనే కదా అర్థం? చప్పుడు పెంచే దాన్ని కూడా ఆ పేరుతోనే అమ్ముతారా?"

మావాడు లాయరులా వాదించాడు. పాతది కిందికి వేలాడుతోందట, గుట్టలెక్కేటప్పుడు రాళ్ళకి తగులుతుందట. కొత్తది బండి కడుపులోకి ముడుచుకుని ఉంటుందట. స్టీలుది కాబట్టి తుప్పు పట్టదట. అంతా విని, చివర్లో "గొంతు కూడా బాగుంటుంది" అన్న ముక్క వాడు నెమ్మదిగా జారవిడవడం నేను గమనించకపోలేదు.

మావారు సామాన్యులు కారు. సాయంత్రానికి చట్టం తిరగేసి వచ్చారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 190వ సెక్షను. 2019 సవరణ తర్వాత, చప్పుడు హద్దు మీరితే మొదటిసారికే మూణ్ణెల్ల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూను. పైగా మూణ్ణెల్లు లైసెన్సు చెల్లదు. "ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45. ఇది 2000 సంవత్సరం నాటి రూలు" అని కూడా చదివి వినిపించారు. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. ఆ చిటపటలు ఎన్ని డెసిబెల్సో అడుగుదామనుకుని మానేశాను.

న్యాయంగా అయితే నేను ఆయన పక్షాన ఉండాలి. కానీ చెప్పొద్దూ, నేను కొడుకు పక్షం చేరిపోయాను. దానికో కారణం ఉంది.

మా నాన్నగారు ఇరిగేషన్‌లో పనిచేసేవారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద డ్యూటీ, మిర్యాలగూడలో కాపురం. ఆయనకో డీజిల్ జీపుండేది. నీళ్ళు వదిలే రోజుల్లో ఏ రాత్రికో ఇంటికొచ్చేవారు. కాలువ గట్టు దిగుతుండగానే ఆ గుడగుడ మాకు వినిపించేది. అమ్మ లేచి పొయ్యి మీద చారు వెచ్చబెట్టేది. నేను నిద్ర నటిస్తూ, గేటు దగ్గర ఇంజను ఆగేదాకా లెక్కపెట్టేదాన్ని. అన్నట్టు ఆ కాలువ పేరు లాల్ బహదూర్ కాలువ. మావాడు సైలెన్సరు మార్పిద్దామన్న చోటు లాల్ బహదూర్ నగర్, మనం ఎల్.బి.నగర్ అనుకునేది. పేరు కూడా కలిసిందే అని మురిసిపోయాను. మీరు నవ్వినా సరే.

ఓ ఆదివారం పొద్దున్నే తల్లీకొడుకులం బయల్దేరాం. ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి లోపలికి వెళ్తే ఓ రేకుల షెడ్డు. ఉస్తాద్‌కి అరవై ఏళ్ళుంటాయి. నాకో స్టూలు వేయించి, టీ తెప్పించి, పాత సైలెన్సరుని వేలితో తట్టి చూపించాడు.

"అమ్మా, ఇంజన్ల పెట్రోల్ పేలితేనే బండి నడుస్తది. ఆ పేలుడు అట్లనే బయటికి రావద్దని ఈ డబ్బా. లోపల అరలుంటయి, తూట్ల గొట్టాలుంటయి. చప్పుడు పోయి గోడకు కొట్టుకొని మర్లి వస్తది. పోయేది, వచ్చేది ఎదురుపడి ఒకదాన్నొకటి మింగుతయి."

మా అత్తగారి ఉమ్మడి కుటుంబం గుర్తొచ్చింది నాకు. అన్ని అరల ఇల్లు, అంతమంది తోడికోడళ్ళు. అయినా వీధిలోకి ఒక్కమాట వచ్చేది కాదు. కారు పుట్టిన పది పన్నెండేళ్ళకే, 1897లో, రీవ్స్ అనే అమెరికా అన్నదమ్ములు ఇలాంటి డబ్బాకి పేటెంటు తీసుకున్నారట. వాళ్ళదీ ఉమ్మడి కుటుంబమే అయ్యుంటుంది.

"మరి కొత్తదో?" అన్నాను.

"దాంట్ల అరల్లేవమ్మా. ఒకటే తిన్నటి తూట్ల గొట్టం, సుట్టూ గాజు దూది. గంతే."

పని మొదలైంది. బండిని జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టారు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరకూడదట. తుప్పు పట్టిన బోల్టుల మీద నూనె కొట్టి పావుగంట నాననిచ్చారు. సైలెన్సరుని పట్టి ఉంచే రబ్బరు రింగులు ఎంతకీ ఊడకపోతే, ఉస్తాద్ సబ్బునీళ్ళు రాసి గాజులు తీసినంత సులువుగా తీసేశాడు. కొత్తదాన్ని ముందు వదులువదులుగా తగిలించి, ఎక్కడా బాడీకి తగలకుండా సరిచూసి, అప్పుడు ఇంజను వైపు నుంచి వెనక్కి ఒక్కో బోల్టే బిగిస్తూ రావాలట. తన బండి కాబట్టి తనే బిగిస్తానన్నాడు మావాడు.

"గొట్టం జాయింటు కాడ గాస్కెట్ కొత్తది ఎయ్యి బిడ్డా, పాతది నలిగింది" అన్నాడు ఉస్తాద్. ఆదివారం కావడంతో స్పేర్ పార్టుల షాపు మూసి ఉంది. "రేపు నేనే మార్చుకుంటా ఉస్తాద్, ఇవాళ్టికి నడుస్తుంది" అన్నాడు మావాడు. నేను కూడా "పోనీలెండి" అన్నాను. ఆ 'పోనీలెండి' నాదే.

ఇంజను స్టార్ట్ చేశాడు. ఏం చెప్పను! కాలువ గట్టు దిగుతున్న జీపే. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. కళ్ళొత్తుకుని, "కొత్త సామాను పడింది కదా, సాయిబాబా గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టొద్దాం పద" అన్నాను.

విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి స్టేషన్లు దాటి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాం. 2018లో ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చినప్పటినుంచి, ఆ రోడ్డు మీద చప్పుడు పైకి పోయే దారి లేదు. వంతెనకి తగిలి, మేడలకి తగిలి, మళ్ళీ మన నెత్తినే పడుతుంది. జనం తిరిగి చూస్తున్నారు. మావాడు చూడనట్టు నటిస్తున్నాడు. నేనూ కొంగు సర్దుకున్నాను.

బస్టాండు దాటాక, పూలబండి కనిపించి ఆపమన్నాను. వాడు యాక్సిలరేటరు మీంచి కాలు తీశాడు.

'ఠాప్!'

మళ్ళీ ఒకటి. 'ఠాప్!'

పూలామె చేతిలో మూర ఎక్కడిదక్కడే పడిపోయింది. బండి పక్కన కూర్చుని ఆడుకుంటున్న మనవరాలిని తన కిందికి లాక్కుని, తల మీద రెండు చేతులూ కప్పి, రోడ్డు మీదికి వంగిపోయింది. పక్కన కొబ్బరిబోండాల అతను కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బహుశా నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో నాకు తారీఖు గుర్తొచ్చింది.

2013 ఫిబ్రవరి 21. గురువారం. సాయంత్రం ఏడు గంటల వేళ, కొణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. ఒకటి కాదు, రెండు.

నేను దిగి ఆమెని లేవదీశాను. చెయ్యి చల్లగా ఉంది. "బండి చప్పుడమ్మా, మా బండే" అన్నాను. అనడానికి సిగ్గేసింది. ఆమె కోప్పడలేదు. చెదిరిన మల్లెలు ఏరుకుంటూ, "గా దినం గీడనే ఉన్న బిడ్డా. సూస్తే ఎరుకైతది బండిదే అని. పానం ఇనదు" అంది.

మావాడు బండి పక్కన నిలబడ్డాడు. ఆనాటికి వాడికి పదేళ్ళు. ఆ వారమంతా వాణ్ణి బయటికి పంపలేదు కానీ ఎందుకో వివరంగా చెప్పలేదు నేను. వాడు కూడా కూర్చుని పూలు ఏరాడు.

కొబ్బరికాయ సంగతి మర్చిపోయాం. వాడు ఉస్తాద్‌కి ఫోన్ చేస్తే, నలిగిన జాయింటు సందులోంచి గాలి లోపలికి పోతోందనీ, కాలకుండా మిగిలిన పెట్రోలు దాంతో కలిసి వేడి గొట్టంలో అంటుకుంటోందనీ చెప్పాడట. గాస్కెట్ మారిస్తే పోతుందన్నాడట.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. "నాన్నగారి జీపు చప్పుడు గుర్తుందా?" అన్నాను.

"ఎందుకు గుర్తుండదే? ఆ చప్పుడుకే కదూ చారు వెచ్చబెట్టేదాన్ని. ఆ ఏడు ఎదురింటి మాస్టారి కూతురు పురిటికొచ్చింది చూడు, చంటిది లేస్తుందని మలుపులోనే ఇంజను ఆపేసి, వాలులో దొర్లించుకుంటూ వచ్చేవారు. మూణ్ణెల్లు అదే వరస. ఎప్పుడొచ్చారో తెలియక, ఆయనకి చల్లారిన చారే పోశాను."

నాకది గుర్తు లేదు. చప్పుడు చేస్తూ వచ్చిన నాన్నగారే గుర్తున్నారు. చప్పుడు చేయకుండా వచ్చిన రాత్రులు నేను నిజంగానే నిద్రపోయి ఉంటాను.

ఫోన్ స్పీకర్లో ఉంది. మావాడు విన్నాడు. ఏమీ అనలేదు.

మరుసటి ఆదివారం మళ్ళీ ఎల్.బి.నగర్. గాస్కెట్ కొనుక్కుని వెళ్ళాడు. తీరా వెళ్ళాక, గాస్కెటొక్కటే కాదు, పాత సైలెన్సరే బిగించమన్నాడట. ఉస్తాద్ దాన్ని గోనెసంచిలో చుట్టి దాచి ఉంచాడట. "మస్తు మంది గిట్లనే మర్లి వస్తరు బిడ్డా. కొందరికి పోలీసులు, కొందరికి పెండ్లాలు. నీకెవ్వరు?" అని అడిగాడట. "పూలామె" అంటే ఆయనకి అర్థం కాలేదట.

పద్నాలుగు వేల గొట్టం మా అటక మీద, పాత హార్మోనియం పక్కన పడుకుంది. గుట్టలెక్కేటప్పుడు పాతది రాళ్ళకి తగులుతూనే ఉంది. తగిలిన చోట సొట్టలు తీయించుకుంటున్నాడు.

గురువారం గురువారం వాడే వెళ్ళి మల్లెపూలు తెస్తున్నాడు. మూరకి మూరన్నర వేస్తోందట ఆవిడ. బండి ఎప్పుడొచ్చిందో వంటింట్లో నాకు వినిపించడం లేదు. హ్యాండ్ బ్రేకు కిర్రుమంటే మాత్రం తెలుస్తుంది. అప్పుడు లేచి చారు వెచ్చబెడుతున్నాను.