అడవి ఎవరి పక్షం?

ఆకాశాన్ని మూసేసిన ఫర్ చెట్లు. నేలంతా మంచు. మనకు వీపు చూపిస్తూ ఒంటరిగా నిలబడ్డ ఫ్రెంచి సైనికుడు. తలపై శిరస్త్రాణం, పక్కన కత్తి... గుర్రం మాత్రం లేదు. వెనక మొద్దు మీద ఓ కాకి. జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రెడ్రిక్ 1814 ప్రాంతంలో వేసిన బొమ్మ ఇది.

తొలిచూపులో కలిగేది భయమే. బాట కాస్త దూరం పోయి చీకట్లో కలిసిపోతుంది. సైనికుడి ముఖం కనిపించదు కాబట్టి అతని దిగులంతా చెట్లే మోయాలి. కృష్ణశాస్త్రి తరం కవులకు ప్రకృతి మనసుకు అద్దమైనట్టే, అంతకు వందేళ్ల ముందు ఐరోపా కాల్పనిక చిత్రకారులకూ అయింది.

అయితే ఆ దిగులు ఎవరిది? 1813లో లీప్‌జిగ్ దగ్గర నెపోలియన్ ఓడిపోయాడు. మరుసటి ఏడు ఈ చిత్రాన్ని బెర్లిన్‌లో ప్రదర్శించినప్పుడు, ఆ కాకి ఫ్రెంచివాడికి చావుపాట పాడుతోందని అక్కడి పత్రిక రాసింది. జర్మన్లకు ఆ చీకటి భయం కాదు, అండ. (మన ఇళ్లలో కాకి అరిస్తే చుట్టాలొస్తారంటారు. పిండం ముట్టాల్సిందీ అదే!)

ఈ సంగతి భద్రాచలం అడవుల వాళ్లకు వివరించి చెప్పనక్కర్లేదు. 1879లో రంప పితూరీ అప్పటి భద్రాచలం తాలూకా దాకా పాకింది. కల్లు మీద పన్ను, ముఠాదారుల మీద మన్సబుదారు పెత్తనం దానికి కారణాలు. అణచడానికి మద్రాసు పదాతి దళాలతో పాటు గుర్రపు దళమూ వచ్చింది. కొండదారుల్లో గుర్రాలు ఏం చేస్తాయి? తిరుగుబాటుదారులను పొదువుకున్న అడవే సైనికులను మన్యం జ్వరాలతో మంచాన పడేసింది.

తేడా లేకపోలేదు. ఫర్ చెట్టు ఆకు రాల్చదు, అందుకే నిండు చలికాలంలోనూ ఆ బొమ్మ నల్లగా ఉంటుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు శివరాత్రి నాటికి టేకు ఆకులు రాలి అడవి పలచబడుతుంది. ఇప్పపూలు ఏరుకునేవాళ్లు దూరం నుంచే కనిపిస్తారు. ఇక్కడ చిక్కటి చీకటి వానాకాలానిది, వాగులు పొంగి దారులు తెగే రోజులది. సారపాక కాగితం మిల్లు చుట్టుపక్కల జామాయిల్ తోటల్లో అదీ ఉండదు. వరసల మధ్య నుంచి ఆ చివర కనిపించే చోట ఎవరు మాత్రం ఎక్కడ దాక్కుంటారు?

ఫ్రెడ్రిక్ సైనికుడికి ఆ వెసులుబాటు లేదు. కత్తి ఒరలోనే ఉంది. దూయడానికి ఎదురుగా మనిషంటూ లేడు, అన్నీ చెట్లే.