కార్డు తిప్పే ముందు

ఫ్లాష్‌కార్డులు లేని ఇల్లు ఈ రోజుల్లో ఎక్కడైనా ఉందా చెప్పండి? పాప మొదటి పుట్టినరోజుకి ఎవరో ఒక అత్తయ్య ఓ పెట్టె తెచ్చి తీరుతుంది. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. బొమ్మలు నిగనిగలాడుతుంటాయి. మర్నాటికి అమ్మ కార్డు మంచం కిందకీ, ఆవు కార్డు పాప నోట్లోకీ చేరతాయి. కంగారు పడకండి. ఆ వయసుకి నోట్లో పెట్టుకోవడమే చదువు.

అంత చిన్నవాళ్లకు చదవడం నేర్పించబోతే ఏమవుతుందో అమెరికాలో ఒకసారి పరీక్షించి చూశారు. తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర లోపు పిల్లలకు డీవీడీలు, కార్డులు, పుస్తకాలు అన్నీ ఇచ్చి ఏడు నెలలు వాడించారు. ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. పిల్లలకు చదవడం రాలేదు. తమాషా ఏమిటంటే, కన్నవాళ్లు మాత్రం వచ్చేసిందనే నమ్మారు! నవ్వకండి. ‘మావాడు ఏ కార్డు చూపించినా టకటకా చెప్పేస్తాడండీ’ అనని వాళ్లు మనలో ఎంతమంది?

సరే, మీ వాడికి నాలుగేళ్లు వచ్చాయనుకుందాం. ఇప్పుడు కార్డులకు పని ఉంది. కానీ ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఎలుక బొమ్మను అరచేత్తో మూసి, పక్కనున్న ‘ఎ’ ఒక్కటే చూపించి అడగండి. అప్పటిదాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పిన గడుగ్గాయి కాస్తా ఫ్యాను వంక చూస్తాడు. ఇన్నాళ్లూ వాడు చదివింది ఎలుకనే. పాపం, వాడి తప్పేముంది? తోక ఊపే ఎలుక పక్కనుండగా అక్షరం మొహం ఎవరు చూస్తారు? అందుకే అక్షరం ఒకవైపు, బొమ్మ రెండోవైపు ఉండాలి.

అలాంటివి మనమే చేసుకోవచ్చు. బీరువా మీద పాత శుభలేఖలు పడి ఉంటాయిగా? దళసరి అట్ట, వెనకవైపు తెల్లగా ఉంటుంది. అరచేతికి సరిపడా కత్తిరించి, పసుపు అంటిన మూలలు తీసేసి, గుచ్చుకోకుండా అంచులు గుండ్రం చేయండి. తెల్లవైపు లావుపాటి నల్ల స్కెచ్‌పెన్నుతో అక్షరం రాయండి. అచ్చున్న వైపు కాగితం అంటించి, బొమ్మ వాడి చేతే వేయించండి. ఎలుక బంగాళాదుంపలా వచ్చినా ఫరవాలేదు, ఆ బంగాళాదుంప వాడికి జన్మలో మరుపు రాదు.

ఒకేసారి యాభై ఆరూ ముందు పోయకండి. అయిదారు చాలు. వాటిలో ద, ధ, థ ముగ్గుర్నీ ఒకే పూట కలపకండి. థ కడుపులో చుక్క మనకు కనిపించినంత తేలిగ్గా నాలుగేళ్ల కంటికి ఆనదు. వ పక్కన తోక తగిలిస్తే మ, ఆ రెండూ అంతే. ఒకరితో బాగా చనువు ఏర్పడ్డాక రెండోవాళ్లను పిలవండి.

ఇక అసలు కష్టమంతా మనకే. కార్డు చూపించాక నోరు మూసుకోవాలి. అదే మన చేత కాదు! వాడు రెండు క్షణాలు ఆలోచిస్తే చాలు, ‘ఎ... ఎలు... ఎలుక కదరా కన్నా’ అని మనమే అందించేస్తాం. మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి. గోడమీది చార్టు చెబుతుంది, కార్డు అడుగుతుంది. అడిగి మనమే జవాబు చెప్పేస్తే ఇక కార్డెందుకు?

వెతుక్కుని తెచ్చుకున్నదే నిలుస్తుందన్నది ఉత్తమాట కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల చేత పాఠం చదివించారు. కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే రాసినవాళ్లది. ఆ వెతుకులాటకు మనవాడికీ కాస్త వ్యవధి ఇవ్వాలిగా మరి!

కార్డులు పెరిగేకొద్దీ మూడు ఖాళీ స్వీటు డబ్బాలు పెట్టుకోండి. చెప్పగలిగిన కార్డు తర్వాతి డబ్బాలోకి పోతుంది, తడబడిన కార్డు మొదటి డబ్బాకి తిరిగొస్తుంది. మొదటిది రోజూ, రెండోది రెండు రోజులకోసారి, మూడోది వారానికోసారి తీయాలి. ఈ ఉపాయాన్ని జర్మన్‌లో 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత పుస్తకంగా రాశాడు, ఆయన పెట్టెకి అయిదు అరలు. కార్డును ఏ డబ్బాలో వేయాలో తేల్చే అధికారం మాత్రం పిల్లవాడికే ఇవ్వండి, ఠీవి చూడాలి అప్పుడు!

పది నిమిషాలు మించనివ్వకండి. ‘ఇంకొక్కటి’ అని వాడంటుండగానే లేచిపోవాలి. కొన్నాళ్లయ్యాక కార్డులు వాడి చేతికిచ్చి తాతయ్యను అడగమనండి. తాతయ్య కావాలనే మ ని వ అనాలి. ‘కాదు తాతయ్యా, తోక చూడు!’ అని వాడు విసుక్కుంటే, అక్షరం వచ్చేసినట్టే.

మరింక కత్తెర తీయండి. ఒక్క సంగతి, శుభలేఖ మీద తారీకు చూసి మరీ కత్తిరించండి. వచ్చే నెల ముహూర్తం కాస్తా ‘ఖ’ వెనకాల అంటుకుపోతే, ఆడపెళ్లివారికి మీరేం చెప్పుకున్నా వినరు.